చౌటుప్పల్‌లో గూఢచారి... పార్ట్ టూ!

విజయవాడ హైవే మీద చౌటుప్పల్ అనగానే మీకేం గుర్తొస్తుంది? సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు పంతంగి టోల్ ప్లాజా దగ్గర బారులు తీరిన కార్లు... కదలని బస్సులు... 'ఇంకెంతసేపమ్మా' అంటూ వెనక సీట్లో పిల్లల గోల. అంతేనా? నాకు మాత్రం ఒక గూఢచారి సినిమా గుర్తొస్తుంది. అందులో విలన్ మా మామ. వయసు డెబ్బై. చేతిలో తుపాకీ లేదు, ఒళ్లో తెల్లపిల్లి లేదు. ఉన్నదల్లా ఒక పాత చెక్క కుర్చీ. అది కదిలితే కిర్రుమంటుంది.

ఆ సినిమా నిడివి మూడు నిమిషాలు. తీసింది మా మామ మనవడు. ఇంటర్ చదువుతున్నాడు. కెమెరా వాళ్ల నాన్న సెల్‌ఫోన్. విడుదలైంది చుట్టాల వాట్సాప్ గ్రూపులో. మొదటి భాగం సూపర్ హిట్. రెండో భాగం దగ్గరే ఇంట్లో పంచాయితీ వచ్చింది. అది తీర్చడానికన్నట్టు ఒక ఆదివారం పొద్దున్నే ఎల్బీ నగర్‌లో బస్సెక్కాను.

సినిమా దారిలో...

హైదరాబాద్ నుంచి చౌటుప్పల్ 50 కిలోమీటర్ల దూరం. దారి కూడా సినిమా కథలాగే ఉంటుంది. హయత్‌నగర్ దాటి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు కిందుగా వెళితే అబ్దుల్లాపూర్‌మెట్. ఇంకాస్త ముందుకు పోతే రామోజీ ఫిల్మ్ సిటీ. 1996లో మొదలైన ఈ సినిమా నగరం ప్రపంచంలోనే అతి పెద్ద స్టూడియోగా గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. అక్కడ ఒక వీధి మలుపు తిరిగితే లండన్, ఇంకో మలుపు తిరిగితే మొఘల్ తోట. గూఢచారి విమానం లేకుండానే దేశాలు దాటొచ్చు!

అక్కడ సెట్లు వేసే రోజుల్లో మా మామ వడ్రంగి మేస్త్రీల వెంట పనికి పోయేవాడు. ఒకరోజు మనుషులు తక్కువపడితే ఆయనకు నల్ల డ్రెస్సు తొడిగి, కట్టె తుపాకీ చేతికిచ్చి, విలన్ కాపలావాడిగా నిలబెట్టారట. "హీరో ఒక్క దెబ్బ కొట్టంగనే పడిపోవాలె. మూడు టేకులు తీసిండ్రు. మూడుసార్లు సచ్చిన అల్లుడా. కూలి మాత్రం ఒక్క సావుకే ఇచ్చిండ్రు" అని ఇప్పటికీ చెబుతాడు. అది ఏ సినిమానో ఆయనకు తెలియదు. తెరమీద తనను తాను చూసుకోనూలేదు.

ఫిల్మ్ సిటీ దాటాక అసలు ఊళ్లు మొదలవుతాయి. ఎడమ పక్కన పోచంపల్లికి పోయే దారి. 1951లో వినోబా భావే అడిగితే వంద ఎకరాలు దానమిచ్చి భూదానోద్యమానికి తొలి అడుగు వేసిన ఊరది. ఆపైన మల్కాపూర్, మగ్గాల చప్పుడు వినిపించే కొయ్యలగూడెం, తర్వాత చౌటుప్పల్. ఒకప్పుడు నల్గొండ జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టాక యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చింది. రోడ్డు పొడవునా హోటళ్లు, టైర్ల షాపులు, టీ కొట్లు, ఊరి వెలుపల ఫ్యాక్టరీలు. బస్సు దిగేసరికి మామ మనవడు బండి మీద ఎదురుచూస్తున్నాడు.

"మామా, ఒక్కటి చెప్పు. నువ్వు పేపర్ల రాస్తవ్ గదా! సీక్వెల్‌ల కామెడీ ఉండాల్నా, సీరియస్ ఉండాల్నా?" బండి స్టార్ట్ చేయకముందే అడిగేశాడు.

విలన్ మెడ

మొదటి భాగం కథ చాలా చిన్నది. ఒక గూఢచారి (అంటే మనవడే) దొంగ కాగితాల కోసం విలన్ ఇంట్లో దూరతాడు. విలన్ అటు తిరిగి కూర్చుని ఉంటాడు. గూఢచారి మునివేళ్ల మీద వెనక నుంచి వస్తాడు. విలన్‌కు అనుమానం వస్తుంది. మామూలు విలనైతే మెడ తిప్పి చూస్తాడు. మా మామ మెడ తిరగదు. అందుకని కుర్చీతో సహా తిరుగుతాడు... కిర్ర్... కిర్ర్... కిర్ర్... ఆయన ఇటు తిరిగేలోపు గూఢచారి అటు పోతాడు. ఆయన అటు తిరిగేలోపు వీడు ఇటు వస్తాడు. చివరికి విలన్ విసిగిపోయి "నీకు కావల్సింది ఆ బీరువల ఉన్నది, తీస్కొని పో బిడ్డా, నన్ను తిప్పకు" అంటాడు. చూసినవాళ్లంతా కడుపు చెక్కలయ్యేలా నవ్వారు.

మామ మెడ ఎందుకు తిరగదో చుట్టాలందరికీ తెలుసు. నల్గొండ జిల్లాలో పుట్టిన ఎవరికైనా తెలుస్తుంది. చిన్నప్పటి నుంచీ తాగిన నీళ్లు. వెన్నెముక కట్టెలా బిగిసిపోయింది. పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి.

అందుకే రెండో భాగం అనేసరికి మామ కోడలు అడ్డం పడింది. "చూడన్నా, ఇంట్ల మనం నవ్వుకుంటే వేరే. ఆ వీడియో ఎవరెవరికో పోయింది. నిన్న దుకాణంల ఒకాయన కుర్చీ మామ మంచిగున్నడా అని అడిగిండు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్" అంది. ఆమె బాధలో తప్పేముంది?

పిల్లవాడు అమ్మ మాట విన్నాడు. పార్ట్ టూలో తాతను తీసేశాడు. నవ్వూ తీసేశాడు. ఇంటర్నెట్‌లో దొరికిన దడదడలాడే సంగీతం పెట్టి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఆరు నిమిషాలు నడిచాడు. నాకు చూపించాడు. నిజం చెప్పాలంటే ఆవలింత ఆపుకోవడం కష్టమైంది. అది వాడికీ తెలుసు. అందుకే ఆ ప్రశ్న.

ఇక అసలు అలిగింది మామ. "మొదటి పార్ట్ నా పేరు మీద ఆడిపిచ్చుకొని, రెండో పార్ట్ల నన్ను సంపకుండనే తీసేసినవా?" అని మనవడి మీద గుర్రుగా ఉన్నాడు.

116 వెళ్లి 117 వచ్చె...

మధ్యాహ్నం భోజనాలయ్యాక వేపచెట్టు కింద మంచం వాల్చుకుని కూర్చున్నాం. మామకు కృష్ణ అంటే ప్రాణం. కనుక కథ అక్కడి నుంచే మొదలుపెట్టాను.

తొలి జేమ్స్ బాండ్ చిత్రం 'డాక్టర్ నో' 1962లో వచ్చింది. నాలుగేళ్లకే, 1966లో మన తెరమీదికి 'గూఢచారి 116' దిగాడు. దర్శకుడు ఎం.మల్లికార్జునరావు. 'తేనె మనసులు'లో స్కూటర్ మీంచి కారు మీదికి దూకిన కొత్త కుర్రాడిని చూసి నిర్మాత డూండీ ఈ వేషానికి పిలిచాడని చెబుతారు. ఆ కుర్రాడే కృష్ణ. పక్కన జయలలిత. ఆ సినిమాతో కృష్ణకు 'ఆంధ్రా జేమ్స్ బాండ్' అనే పేరు స్థిరపడిపోయింది.

మరి దానికి రెండో భాగం వచ్చిందా? ఇక్కడే తమాషా ఉంది. 'గూఢచారి 116'ను హిందీలో జితేంద్రతో 'ఫర్జ్'గా 1967లో తీశారు. దర్శకుడు రవికాంత్ నగాయిచ్. అదీ హిట్టే. తర్వాత అదే ఏజెంట్ గోపాల్ 116ను ధర్మేంద్రకు అప్పగించి 1973లో 'కీమత్' తీశాడు నగాయిచ్. ఆ తర్వాత మళ్లీ జితేంద్రతో 'రక్ష' తీశాడు. అంటే మన తెలుగు గూఢచారికి సీక్వెళ్లు బొంబాయిలో పుట్టాయన్నమాట!

తెలుగులో మాత్రం 23 ఏళ్లాగి, 1989లో కోడి రామకృష్ణ దర్శకత్వంలో 'గూఢచారి 117' వచ్చింది. హీరో కృష్ణే. అంకె ఒకటి పెరిగింది. దర్శకుడు మారాడు. కాలం మారింది. ఈసారి గూఢచారి చుట్టూ ఒక పిల్లవాడు కూడా తిరుగుతుంటాడు. ఆ పిల్లవాడు మహేశ్‌బాబు. తర్వాత 2017లో 'స్పైడర్'లో ఇంటెలిజెన్స్ బ్యూరో ఉద్యోగిగా తనే రహస్యాల వేట మొదలుపెట్టాడు.

"116 ల కృష్ణ నవ్వుకుంట కొట్టేటోడు. అది చూస్తే మనకు ధైర్యం వస్తుండె" అన్నాడు మామ. ఆ ఒక్క మాటలో అసలు సంగతంతా ఉంది. గూఢచారి సినిమాలో నవ్వు ప్రేక్షకుడి కోసం విడిగా వడ్డించే పచ్చడి కాదు. చావు దగ్గరికొచ్చినా మనిషి బెదరలేదని చెప్పే గుర్తు. మొదటి సినిమాలో ఈ మంత్రం తేలిగ్గా పారుతుంది. హీరో బతుకుతాడో లేదో మనకింకా తెలియదు కదా!

రెండో భాగానికి వచ్చేసరికి వాడు చావడని టికెట్ కొన్నవాడికి ముందే తెలుసు. భయం సగానికి సగం తగ్గిపోతుంది. భయం లేనిచోట నవ్వు వట్టి వెకిలితనం అయిపోతుంది. పోనీ నవ్వు మొత్తం తీసేద్దామా అంటే మన మేనల్లుడి ఆరు నిమిషాల నడకలా తయారవుతుంది.

బాండ్ బాబూ... కిందికి దిగు!

ఈ చిక్కు బాండ్‌కూ వచ్చింది. ఒక్కో సినిమాకూ చమత్కారాలు పెంచుకుంటూ పోయి పోయి, 1979లో 'మూన్‌రేకర్'లో ఆయన్ను ఏకంగా అంతరిక్షంలోకి పంపేశారు. అంతకంటే పైకి వెళ్లడానికి చోటు లేదు. అందుకని 1981లో వచ్చిన 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ'లో నేల మీదికి దించారు. ఎలా దించారో చూడండి. సినిమా మొదట్లోనే బాండ్ తన భార్య సమాధి మీద పూలు పెడతాడు. ఆమె చనిపోయింది 1969 నాటి సినిమాలో. పన్నెండేళ్ల కిందటి దుఃఖాన్ని ఒక్క నిమిషంలో గుర్తుచేశారు.

కాసేపటికే ఆయన హంగుల కారు పేలిపోతుంది. వెంటాడుతున్న దుండగుల నుంచి డొక్కు పసుపు రంగు బుల్లి కారులో పారిపోవాల్సి వస్తుంది. హాల్లో నవ్వులే నవ్వులు. కానీ ఆ నవ్వు ఎక్కడిది? ఆపద లోంచి వచ్చింది. మంచి కారు లేదు కాబట్టి భయం పెరిగింది, నవ్వూ పెరిగింది. ఒకటి రెండోదాన్ని తినేయలేదు.

"అంటే పెద్ద కారు కంటే డొక్కు కారే మంచిదా మామా?" అన్నాడు పిల్లవాడు. మంచి ప్రశ్నే!

నవ్వు ఎవరిది?

మన సినిమాల్లోనూ దీనికి పాఠాలున్నాయి. జంధ్యాల 1986లో 'చంటబ్బాయ్' తీశారు. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారం. డిటెక్టివ్ పాండురంగారావుగా చిరంజీవి చేసిన అల్లరి చూసి నవ్వనివాళ్లుండరు. కానీ ఆ నవ్వు కథ బయటి నుంచి వచ్చింది కాదు. ఆ మనిషి పనితీరే అంత.

2019లో స్వరూప్ ఆర్‌ఎస్‌జే దర్శకత్వంలో 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' వచ్చింది. నెల్లూరులో బోర్డు పెట్టుకుని కేసుల కోసం కాచుక్కూర్చున్న డిటెక్టివ్‌గా నవీన్ పోలిశెట్టి మొదటి సగం నవ్విస్తాడు. రైలు పట్టాల పక్కన దొరికే అనాథ శవాల దగ్గరికి కథ వచ్చేసరికి ఆ నవ్వే మన గొంతులో ముడిపడుతుంది. వాడి మీద ఇష్టం పెరగబట్టే వాడి తల్లి కథ మనకు నొప్పి పుట్టిస్తుంది. నవ్వు ముందుగా తెచ్చిన అప్పు, కన్నీరు తీర్చిన బాకీ!

2018 ఆగస్టులో వచ్చిన అడివి శేష్ 'గూఢచారి' దారి వేరు. అది మొదటి నుంచీ గంభీరంగా నడిచే కథ. వెన్నెల కిశోర్ ఉన్నా హాస్యం కోసం విడిగా వచ్చిపోడు. ఆ గూఢచారి సంస్థలోని మనిషిగానే ఉంటాడు. దీనికి రెండో భాగం తీస్తున్నామని తర్వాత ప్రకటించారు.

ఇక కమల్‌హాసన్ సంగతి. 1986లో ఆయన 'విక్రమ్' అనే సరదా గూఢచారి. రాజుగారి కోట, ఎలుకల గుడి, ఆటపాటలు అన్నీ ఉన్నాయి. 36 ఏళ్ల తర్వాత, 2022లో లోకేశ్ కనకరాజ్ అదే పేరుతో తీసిన సినిమాలో ఏజెంట్ ముసలివాడయ్యాడు. కొడుకును పోగొట్టుకున్నాడు. మనవడిని కాపాడుకోవాలి. ఆటపాటలకు చోటు లేదు. అయినా థియేటర్లో ఈలలు పడ్డది ఎవరికి? ఇంట్లో అంట్లు తోముకునే పనిమనిషి ఉన్నట్టుండి 'ఏజెంట్ టీనా' అని తేలినప్పుడు! అరె అని నవ్వాం. కాసేపటికే ఆమె కోసం కళ్లు తుడుచుకున్నాం. ఇక్కడ తాత చావకపోవచ్చు. మనవడికి ఏమవుతుందోనన్న భయం మాత్రం ఉంది. హీరో ప్రాణం కాక ఇంకొకటేదో పణంగా పెట్టడమే సీక్వెల్ చేయగల తెలివైన పని.

మామ అంతా విన్నాడు. ఏమీ మాట్లాడలేదు. కుర్చీ తెమ్మన్నాడు.

చెంబెడు నీళ్లు

ఇంతకీ మామ మెడ సంగతి కూడా చెప్పాలి. ఈ ప్రాంతం కింద గ్రానైటు రాయి. అందులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లు గారపడతాయి. తర్వాత కీళ్లు, వెన్నెముక బిగిసిపోతాయి. ఒకసారి బిగిసిన ఎముక మళ్లీ మామూలు కాదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని 'నీరి' శాస్త్రవేత్తలు రూపొందించారు. దానికి పెట్టిన పేరు 'నల్గొండ టెక్నిక్'. ఒక జిల్లా పేరు తన కష్టం వల్ల పుస్తకాలకెక్కింది!

2015 జూన్ 8న ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే పథకం పైలాన్‌ను అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఆవిష్కరించింది ఈ చౌటుప్పల్‌లోనే. అదే మిషన్ భగీరథ. మామ ఇంట్లోనూ నల్లా ఉంది. మనవడి మెడ చక్కగా తిరుగుతుంది. వాడు తాగింది వేరే నీళ్లు.

"కోడలా, ఇటు రా" అని పిలిచాడు మామ. ఆమె వచ్చింది. "నన్ను చూసి నవ్వుతున్నరని నీ బాధ. నవ్వనియ్యి బిడ్డా. యాభై ఏండ్లు నన్ను చూసి అయ్యో పాపం అన్నోళ్లే. నవ్వినోడు ఒక్కడు లేడు. పాపం అన్నోడు నా పక్కన కూసోడు. నవ్వినోడు కూసుంటడు. కానీ ఎందుకు తిరుగుతలేదో గది గూడ సెప్పాలె. సెప్పకుంట నవ్విస్తె తప్పు. నవ్వకుంట సెప్తె ఎవడింటడు?"

ఇరవై సినిమాల పేర్లు చెప్పి నేను తేల్చలేకపోయింది ఆయన నాలుగు ముక్కల్లో తేల్చేశాడు.

రోలింగ్... యాక్షన్!

సాయంత్రం ఎండ తగ్గాక పార్ట్ టూ షూటింగ్ మళ్లీ మొదలైంది. దర్శకుడు మనవడు. కెమెరా నాకు అప్పగించారు. కథ మామదే.

గూఢచారి మళ్లీ విలన్ ఇంటికి వస్తాడు. ఈసారి దొంగతనానికి కాదు. ఎండలో తిరిగి తిరిగి దాహంతో వస్తాడు. విలన్ అటు తిరిగి కూర్చుని ఉంటాడు. గూఢచారి మునివేళ్ల మీద నడుస్తాడు. కుర్చీ తిరుగుతుంది... కిర్ర్... కిర్ర్... మామ కోడలు చూస్తూ నిలబడింది. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగువాళ్లు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. కుర్చీ పూర్తిగా ఇటు తిరిగింది. మామ చేతిలో తుపాకీ లేదు. గ్లాసు ఉంది.

"పట్టు. నల్లా నీళ్లు. తాగు" అన్నాడు.

గూఢచారి అనుమానంగా చూస్తాడు. "విషం ఉన్నదా?"

"నీ దాంట్ల లేదు బిడ్డా. నా దాంట్ల ఉండె."

నవ్వుతున్నవాళ్లు ఆగిపోయారు. పిల్లవాడు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వాడికి రాసిచ్చిన తర్వాతి డైలాగు మరిచిపోయాడు. నేను ఫోన్ దించలేదు. మామ రెండు క్షణాలు చూసి, "తాగురా, సీన్ అయిపోలే. ఇంగ మూడు టేకులు అంటె నా తోని కాదు. ఈసారి కూలి గూడ మూడింతలు అయితది" అన్నాడు. అందరం ఒక్కసారిగా నవ్వేశాం. మామ కోడలు కూడా. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

ఆ ముక్క కూడా తీసేయకుండా సినిమాలో ఉంచేశాడు మనవడు. నేను తిరుగు బస్సు ఎక్కేసరికే వాట్సాప్ గ్రూపులో వచ్చేసింది. నిడివి రెండున్నర నిమిషాలు. పంతంగి వైపు నుంచి వచ్చే బండ్లతో హైవే కిక్కిరిసి ఉంది. ఫిల్మ్ సిటీ దీపాలు కనిపించే వేళకు సమాధానాలు రావడం మొదలైంది. నవ్వే బొమ్మలు కొన్ని, దండం పెట్టే చేతులు కొన్ని. బెంగళూరులో ఉండే మా చిన్నమ్మ మాత్రం ఒక్క ముక్క రాసింది.

'అన్నా, మూడో పార్ట్ ఎప్పుడు?'